నాలుగు నుంచి ఆరేళ్ల పిల్లలకు ఇల్లూ వీధీ ఎలా అమర్చాలి?

"మా వాడు ఎవరితోనూ కలవడు." "మా పాప పక్క పిల్లల్ని కొరుకుతోంది." "ఐదేళ్లు వచ్చినా ఒక్క సంగతి తిన్నగా చెప్పడు." నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో అంగన్వాడీ గుమ్మం దగ్గరైనా, పట్నంలో ప్రైవేటు బడి గేటు దగ్గరైనా తల్లిదండ్రుల మాట ఇలాగే మొదలవుతుంది. బిడ్డ తీరే అంత అన్న తీర్మానంతో అక్కడే ఆగిపోతుంది. ఆ బిడ్డ రోజంతా ఎవరి మాటలు వింటున్నాడు, సాయంత్రం ఎవరితో ఆడుతున్నాడు, ఇంట్లో గొంతులు పెరిగినప్పుడు ఎక్కడ నక్కుతున్నాడు అన్నది మనం గుచ్చి అడిగితే తప్ప బయటికి రాదు. నాలుగైదేళ్లకే ఎవరి తీరూ గట్టిపడిపోదు. చాలాసార్లు చుట్టూ ఉన్నదాన్ని సర్దితే బిడ్డ తనంతట తానే సర్దుకుంటాడు. అందుకే ఇక్కడ బిడ్డకు ఏం నేర్పాలన్నది తక్కువ, మీరేం అమర్చాలన్నది ఎక్కువ.

మొదట ఒక వారం గమనించండి

పాత నోటుపుస్తకంలో ఒక కాగితం తీసి నాలుగు గళ్లు గీయండి. ఇంట్లో ఎవరు ఏం మాట్లాడారు, ఎవరితో ఆడాడు, ఫోను లేదా టీవీ ముందు ఎంతసేపు ఉన్నాడు, ఎన్ని గంటలు నిద్రపోయాడు. రోజూ రాత్రి రెండు మాటలు రాస్తే చాలు. ఆ వారం ఏమీ మార్చకండి, కొత్త నియమాలు పెట్టకండి. ఉన్నది ఉన్నట్టు తెలియడమే కావాలి.

నిద్ర గడిని తేలిగ్గా తీసుకోవద్దు. మూడు నుంచి ఐదేళ్ల పిల్లలకు పగటి కునుకుతో కలిపి రోజుకు 10 నుంచి 13 గంటల నిద్ర కావాలి. తీరం వెంట పాలెంలలో చేపల వేటకు వెళ్లే ఇళ్లూ, రొయ్యల చెరువుల మీద పనిచేసే ఇళ్లూ తెల్లవారుజామున మూడింటికే మేలుకుంటాయి. పెద్దల అలికిడికి పిల్లలూ లేస్తారు, రాత్రి మాత్రం పెద్దలతో పాటే పడుకుంటారు. ఆ బిడ్డ మధ్యాహ్నం పెట్టే పేచీని మొండితనం అనుకుంటాం. అలాంటి ఇంట్లో మొదటి మార్పు పడక చోటు మార్చడం, సాయంత్రం ఏడున్నరకల్లా అన్నం పెట్టేయడం. మిగతా సలహాలన్నీ ఆ తర్వాతే.

మాటల గడిలో "తిను, లే, ముట్టుకోకు, నోరు మూసుకో" తప్ప ఇంకేమీ కనిపించకపోతే బెంగపడకండి. చాలా ఇళ్లలో అంతే. పని మొదలుపెట్టాల్సిన చోటు మాత్రం అదే.

ఇంటి మాట పెంచండి

మాట్లాడటానికి వేరే సమయం కేటాయించనక్కర్లేదు. చేతిలో ఉన్న పనే సందర్భం. మధ్యాహ్నం అవ్వ చింతపండు నుంచి గింజలు తీస్తోంది, పక్కన మనవరాలు కూర్చుంది. "అవ్వా, ఇదెందుకు నల్లగా ఉంది?" అంటుంది. "పాతది కాబట్టి" అనేస్తే మాట అక్కడితో తెగిపోతుంది. "ఇది పోయినేటిది అమ్మా. మొన్న కొత్తది తెచ్చారే, అది ఏ రంగులో ఉంది?" అంటే ఆ పిల్ల మొన్నటి రోజును గుర్తు తెచ్చుకోవాలి, రంగుకు పేరు వెతుక్కోవాలి, రెండింటినీ పోల్చాలి. "ఎర్రగా ఉంది. మరి అదీ నల్లగా అయిపోతుందా?" అని తిరిగి అడిగిందంటే ఆ పూటకు అంతకంటే గొప్ప పాఠం ఏ బడిలోనూ దొరకదు.

పద్ధతి ఇది. బిడ్డ అన్న మాటకు ఒక ముక్క కలిపి తిరిగి చెప్పండి. "కుక్క వచ్చింది" అంటే "అవును, కుంటుకుంటూ వచ్చింది, కాలికి ఏమైందో" అనండి. అవును, కాదు అని తేల్చేసే ప్రశ్నలు తగ్గించి, "ఎలా", "ఎందుకు", "అప్పుడేమైంది" అని అడగండి. అడిగాక ఆగండి. మనసులో ఐదు లెక్కపెట్టుకునేంతసేపు ఆగండి. పిల్లలకు మాట కూర్చుకోవడానికి ఆ వ్యవధి కావాలి, మనమేమో రెండో క్షణంలోనే జవాబు అందించేస్తాం. కథ చెప్పిన మర్నాడు అదే కథను బిడ్డ చేత చెప్పించండి, తప్పులు దిద్దకుండా వినండి. బొమ్మల పుస్తకం చదివేటప్పుడు కూడా పెద్దవాళ్లు చదువుకుంటూ పోవడం కన్నా ప్రశ్నలు వేసి బిడ్డ చేత చెప్పిస్తే మాట బాగా పెరుగుతుంది. అమెరికాలో గ్రోవర్ వైట్‌హర్స్ట్ బృందం 1988లో ప్రచురించిన పరిశోధన ఈ సంగతిని ఇంకా చిన్న పిల్లల్లోనే, రెండేళ్ల ప్రాయం వారిలో, చూపించింది.

ఇంగ్లీషు మీడియంలో చేర్చాం కాబట్టి ఇంట్లో తెలుగు తగ్గించాలనుకునే తల్లిదండ్రులు పట్నాల్లో చాలామందే ఉన్నారు. దయచేసి ఆ పని చేయకండి. మీకు ఏ భాషలో కోపం, నవ్వు, కథ, సామెత సహజంగా వస్తాయో ఆ భాషలోనే బిడ్డతో మాట్లాడండి. ఉర్దూ మాట్లాడే ఇంట్లో ఉర్దూలో, చీమకుర్తి గ్రానైట్ పనులకు వేరే రాష్ట్రం నుంచి వచ్చిన ఇంట్లో వాళ్ల భాషలో. మొదటి భాషలో ఆలోచన గట్టిపడ్డ బిడ్డ రెండో భాషను దాని మీద నిలబెట్టుకుంటాడు. తెలుగు వీధి పిల్లల దగ్గర ఎలాగూ వస్తుంది.

ఇంకొక సంగతి. బిడ్డ ఆడుకుంటూ తనలో తాను గొణుక్కుంటే కంగారు పడకండి, ఆపకండి. "ఇది ఇక్కడ పెట్టాలి, కాదు కాదు, పడిపోతుంది, ఇలా" అని తనకు తానే చెప్పుకుంటూ పని చక్కబెట్టుకోవడం ఈ వయసు లక్షణం. రష్యన్ మనస్తత్వవేత్త లెవ్ విగోట్‌స్కీ (1896–1934) దీన్ని శ్రద్ధగా పరిశీలించాడు. పెద్దవాళ్లు చెప్పిన మాటలు బిడ్డ లోపలికి వెళ్లి సొంత ఆలోచనగా మారే దారి అదేనని ఆయన వివరించాడు. మీరు రోజూ ఏ మాటలతో బిడ్డకు పని చెబుతున్నారో, ఆ గొణుగుడులో అవే వినిపిస్తాయి. "వెధవా, చేతకాదా" అని వినిపిస్తే అది ఎవరి మాటో ఆలోచించండి.

ఇంట్లో పెద్దలంతా ఒక మాట మీదికి రండి

కనిగిరి, పొదిలి, దర్శి వైపు ఎన్నో ఇళ్లలో తల్లిదండ్రులు పనుల కోసం హైదరాబాద్‌కో బెంగళూరుకో వెళ్తారు, పిల్లలు అవ్వాతాతల దగ్గర ఉంటారు. నెల్లూరు పట్నంలో తల్లిదండ్రులిద్దరూ ఉద్యోగాలకు వెళ్తే అమ్మమ్మ చేతుల మీదుగా పెరుగుతారు. ఇందులో తప్పేమీ లేదు. అవ్వ దగ్గర బిడ్డకు దొరికే తీరిక తల్లిదండ్రులు ఇవ్వలేకపోవచ్చు కూడా. చిక్కు ఎక్కడంటే, ఒకరు వద్దన్నది ఇంకొకరు ఇచ్చేస్తారు. బిడ్డకు అర్థమయ్యేది ఒక్కటే: ఎవరి ముందు ఏడవాలో తెలిస్తే చాలు.

కాబట్టి పెద్దలంతా కూర్చుని మూడే మూడు నియమాలు అనుకోండి. ఎవరినీ కొట్టకూడదు, అన్నం తినేటప్పుడు ఫోను ఉండదు, చీకటి పడితే ఇంటికి రావాలి, ఇలాంటివి. మూడు దాటితే నిలబడవు. ఆ మూడింటికీ తాత కూడా లోబడాలి.

దూరాన ఉన్న తల్లిదండ్రులు రోజూ ఒకే వేళకు ఫోను చేయండి. బిడ్డతో మాట్లాడే ముందు అవ్వతో రెండు నిమిషాలు మాట్లాడి ఆ రోజు జరిగిన చిన్న సంగతి ఒకటి తెలుసుకోండి. "అన్నం తిన్నావా, బాగా చదువుతున్నావా" అంటే "ఊ" అని ఫోను అవ్వకిచ్చేస్తాడు. "మన మేక ఈనిందట కదా, పిల్ల ఏ రంగు?" అంటే ఫోను వదలడు. అమ్మానాన్నలు దూరాన ఉన్నా తన రోజు వాళ్లకు తెలుసన్న నమ్మకం బిడ్డకు పెద్ద అండ.

భయపెట్టడం మానాలి. "బూచాడికి పట్టిస్తా" అంటే రాత్రి నిద్ర చెడుతుంది. "డాక్టరు దగ్గర సూది వేయిస్తా" అంటే నిజంగా జ్వరం వచ్చినప్పుడు ఆసుపత్రి గుమ్మం ఎక్కడు. కొట్టడం గురించి నాకు రెండో అభిప్రాయం లేదు: ఇంట్లో దెబ్బలు తినే బిడ్డ వీధిలో తనకన్నా చిన్నవాడిని కొడతాడు, బలం ఉన్నవాడిదే మాట అని నేర్చుకుంటాడు. భార్యాభర్తల మధ్య గొడవలు ఏ ఇంట్లోనైనా ఉంటాయి. అవి బిడ్డ ముందు జరిగితే, సర్దుకోవడం కూడా బిడ్డ ముందే జరగాలి. "నాన్నకూ నాకూ కోపం వచ్చింది, ఇప్పుడు పోయింది. నీ వల్ల కాదు" అని చెప్పండి. ఈ వయసులో ఏ గొడవకైనా తామే కారణం అనుకోవడం పిల్లలకు చాలా మామూలు.

ఇంటిపనిలో ఒక భాగం బిడ్డకు అప్పగించండి. నిజంగా అవసరమైన పనే కావాలి. వెల్లుల్లి పొట్టు తీయడం, కంచాలు వేయడం, వేరుశనగ కాయలు ఒలవడం, ఆరిన బట్టల్లో ఎవరివి వారికి వేరుచేయడం. కంచాలు లెక్కపెట్టి వేసే బిడ్డకు అంకెలు వేరే నేర్పే శ్రమ ఉండదు. పొగాకు పండించే ఇళ్లలో మాత్రం పచ్చి ఆకు పనికి పిల్లల్ని పిలవకండి. తడి ఆకు నుంచి నికోటిన్ చర్మం గుండా ఒంట్లోకి పోతుంది, చిన్నవాళ్లకు వాంతులు, తలతిరుగుడు తెస్తుంది. ఇంట్లో ఒక మూల బిడ్డదిగా ఉంచండి. అక్కడ ఒక మార్కాపురం పలక, బలపాలు, నాలుగు ఖాళీ డబ్బాలు ఉంటే సరిపోతుంది.

తోటి పిల్లలను సమకూర్చండి

నేను అన్నింటికన్నా ఎక్కువ పట్టుబట్టేది ఇక్కడే. మూడేళ్ల పిల్లలు పక్కపక్కన కూర్చుని ఎవరి ఆట వారు ఆడుకుంటారు. నాలుగు దాటాక ఒకే ఆటను పంచుకుంటారు, పాత్రలు వేసుకుంటారు, నియమాలు పెట్టుకుంటారు. ఈ క్రమాన్ని మిల్డ్రెడ్ పార్టెన్ అనే పరిశోధకురాలు 1932లోనే వివరంగా రాసింది. ఈ మార్పు దానంతట అదే పూర్తిగా రాదు, పక్కన పిల్లలుండాలి.

కోస్తా ఊళ్లలో, రొయ్యల పట్టుబడి చూసిన పిల్లలు ఆడే ఆటను ఒకసారి దగ్గర నిలబడి చూడండి. ఒకడు కొనుగోలుదారు. ఇద్దరు చెరువులో వల లాగేవాళ్లు. ఐదేళ్ల పాప కాటా దగ్గర. రెండు కొబ్బరి చిప్పలకు తాడు కడితే కాటా, చింతపిక్కలే రొయ్యలు. "నలభై కౌంటు" అంటుంది పాప. "కాదు, చిన్నవి, అరవై" అంటాడు కొనేవాడు. కిలోకు ఎన్ని రొయ్యలు తూగితే అంత కౌంటు, సంఖ్య పెరిగేకొద్దీ రొయ్య చిన్నది, ధర తక్కువ. ఐదేళ్ల పిల్లకు ఆ లెక్క పూర్తిగా తెలియదు. కానీ నలభైకీ అరవైకీ ఏదో తేడా ఉందని, ఎదుటివాడు తనను తక్కువకు ఒప్పించాలని చూస్తున్నాడని తెలుసు. "నువ్వే లెక్కపెట్టు మరి" అని చిప్ప ముందుకు తోస్తుంది. వాడు లెక్కపెట్టలేడు. ఏడేళ్ల అక్క వచ్చి లెక్కపెడుతుంది, ఇద్దరూ నోరు తెరుచుకుని వింటారు. బేరం, అంకెలు, తన వంతు వచ్చేదాకా ఆగడం, పాత్రలో నిలబడటం అన్నీ ఆ పావుగంటలో ఉన్నాయి. పెద్దవాళ్లెవరూ నేర్పలేదు.

ఇలాంటి ఆట కుదరాలంటే ముగ్గురు నలుగురు పిల్లలు చాలు. వయసులు కలిసి ఉండాలి, నాలుగేళ్ల నుంచి ఏడేళ్ల దాకా. పెద్దవాడు చిన్నవాడికి ఆట విప్పి చెబుతాడు, చెప్పడంలో తనూ నేర్చుకుంటాడు. గుజ్జనగూళ్లు, దాగుడుమూతలు, తొక్కుడుబిళ్ల, తాటిబుర్రల బండి, ఏదైనా సరే. కొన్న బొమ్మలు తక్కువ ఉంటేనే మంచిది, ఒక్కటే ఖరీదైన కారు ఉంటే ఆట పోయి తగాదా మిగులుతుంది. వేళ కూడా చూసుకోండి. మన దగ్గర ఎండాకాలంలో పది దాటితే వడగాడ్పు. ఉదయం ఎనిమిదిన్నర లోపు, సాయంత్రం ఐదున్నర తర్వాత ఆటకు వదలండి.

నెల్లూరులో, ఒంగోలులో అపార్టుమెంట్లలో ఉండేవాళ్లకు ఇదంతా కష్టమే. తలుపులు మూసి ఉంటాయి, కింద సెల్లారులో కార్లు తిరుగుతుంటాయి. అయినా ఇద్దరు తల్లులు కలిస్తే దారి ఉంది. రోజు మార్చి రోజు ఒకరి ఇంట్లో గంటసేపు పిల్లలు ఆడుకోవాలి, తలుపు తీసి ఉంచాలి, పలహారం ఆ ఇంటివాళ్లదే. ఆదివారం సాయంత్రం మైపాడు బీచికో కొత్తపట్నం బీచికో వెళ్తే ఇంకో ఇంటి పిల్లల్నీ వెంట తీసుకెళ్లండి. ఒక్క బిడ్డ ఇసుకలో కూర్చుంటే గుంట తవ్వుతాడు, ముగ్గురుంటే కాలువ తవ్వి ఓడరేవు కడతారు.

కలవడానికి బెదిరే బిడ్డను గుంపులోకి తోయకండి. మొదటి రోజులు దూరంగా నిలబడి చూడనివ్వండి, చూడటం కూడా ఆటలో భాగమే. తర్వాత ఆ ఆటకు కావాల్సిన వస్తువు ఏదైనా బిడ్డ చేతికివ్వండి, కాటాకు తాడో, బండికి పుల్లో. వస్తువు తెచ్చినవాడికి పిల్లలే చోటిస్తారు. ముందు ఒకే ఒక్క నెమ్మదైన నేస్తంతో మొదలుపెట్టడం ఇంకా తేలిక.

కొట్లాట వచ్చినప్పుడు వెంటనే లేవకండి. దెబ్బలు తగిలేలా ఉంటేనే మధ్యకు వెళ్లండి. వెళ్లాక ఎవరు ముందు కొట్టారన్న విచారణ వద్దు. కిందికి కూర్చుని, ఇద్దరి చేతులూ పట్టుకుని, "నువ్వు చెప్పు, తర్వాత వాడు చెబుతాడు" అనండి. చెప్పిన దాన్ని మీ మాటల్లో తిరిగి చెప్పండి: "బండి నీ వంతు రాకముందే లాగేశాడని నీకు కోపం వచ్చింది." ఆ తర్వాత "ఇప్పుడేం చేద్దాం?" అని వాళ్లనే అడగండి. నాలుగేళ్లవాళ్లు కూడా ఏదో ఒక ఒప్పందానికి వస్తారు. అది మీకు న్యాయంగా అనిపించకపోయినా, ఇద్దరూ ఒప్పుకుంటే వదిలేయండి.

ఎదుటివాడి మనసులో వేరే సంగతి ఉంటుందన్న ఎరుక వచ్చేది కూడా ఈ వయసులోనే. మీరే చూడవచ్చు. బిడ్డ చూస్తుండగా అన్న తన మరమరాల ఉండను గిన్నెలో దాచి బయటికి వెళ్లాలి. మీరు దాన్ని తీసి డబ్బాలో పెట్టండి. "అన్న వచ్చి ఎక్కడ వెతుకుతాడు?" అని అడగండి. మూడేళ్ల పిల్లలు ఎక్కువగా "డబ్బాలో" అంటారు, తమకు తెలిసింది అన్నకూ తెలుసనుకుంటారు. నాలుగు దాటాక చాలామంది "గిన్నెలో" అంటారు. ఇలాంటి పరీక్షను హైన్జ్ విమ్మర్, జోసెఫ్ పెర్నర్ అనే మనస్తత్వవేత్తలు 1983లో ప్రచురించారు. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు ఉన్న పిల్లల్లో ఈ ఎరుక కొంచెం ముందే వస్తుందని తర్వాత కొన్ని పరిశోధనల్లో కనిపించింది. ఒక్కగానొక్క బిడ్డ ఉన్న ఇంటికి వీధి పిల్లలు ఎంత అవసరమో దీన్నిబట్టే తెలుస్తుంది.

ఇక చెప్పక తప్పని మాట ఒకటి. "ఆ కాలనీ పిల్లలతో ఆడకు" అని మన ఇళ్లలో ఇప్పటికీ అంటున్నారు. నాలుగేళ్ల బిడ్డకు కులం తెలియదు, మన నోటి నుంచి నేర్చుకుంటుంది. ఒక బిడ్డకు గర్వం, ఇంకో బిడ్డకు సిగ్గు ఒకే మాటతో అంటిస్తాం. ఆ పిల్లల అమ్మల్ని పేరు పెట్టి పలకరించండి, వాళ్లింటికి మీ బిడ్డను పంపండి, మీ ఇంట్లో వాళ్లకూ అవే కంచాల్లో పెట్టండి.

ఆట చోటును మీరొకసారి నడిచి చూడండి. రొయ్యల చెరువు గట్టు, చెరువు నీటిలో గాలి కలిపే ఏరేటర్ల కరెంటు తీగలు, పెన్నా కాలువలు, మూతలేని బావులు దగ్గర్లో ఉంటే చోటు మార్చాల్సిందే. నీళ్లున్న చోట పిల్లల మీద ఒక పెద్దవారి చూపు ఎప్పుడూ ఉండాలి. వంతులు వేసుకుంటే వీధిలో ఎవరికీ భారం కాదు.

ఫోను, బడి

భారతీయ శిశువైద్యుల సంఘం 2021లో ఇచ్చిన సూచన ప్రకారం రెండు నుంచి ఐదేళ్ల పిల్లలు తెర ముందు రోజుకు గంటకు మించి ఉండకూడదు, ఎంత తగ్గితే అంత మంచిది. లాక్కుంటే ఏడుస్తాడు కాబట్టి ఆ వేళకు ఆట అమర్చండి. అన్నం తినిపించడానికి ఫోను వాడటం ముందుగా ఆపండి.

మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు అంగన్వాడీలో పూర్వ ప్రాథమిక విద్య ఉంటుంది. 1975 అక్టోబరు 2న మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి పథకం కింద ఏర్పడిన కేంద్రాలివి. జాతీయ విద్యా విధానం 2020 ఒకటో తరగతికి ఆరేళ్లు నిండాలంటోంది, కాబట్టి తొందరేమీ లేదు. అంగన్వాడీ అయినా ప్రైవేటు బడి అయినా అరగంట కూర్చుని చూడండి. పిల్లలు ఒకరితో ఒకరు మాట్లాడుకుంటున్నారా? టీచరు వాళ్ల కళ్ల ఎత్తుకు వంగి మాట్లాడుతోందా? బయట పరుగెత్తే చోటుందా? గది నిశ్శబ్దంగా ఉండి, నాలుగేళ్లవాళ్లు వరసగా కూర్చుని అక్షరాలు దిద్దుతుంటే ఆ బడి వద్దు.

ఆగకుండా చూపించాల్సినవి

చుట్టూ ఎంత సర్దినా కొన్నిటికి వైద్యుల సాయం కావాలి. ఐదేళ్లు వచ్చినా బయటివాళ్లకు మాట అర్థం కాకపోవడం, పేరు పెట్టి పిలిచినా తిరగకపోవడం, తోటి పిల్లల వైపు చూడనే చూడకపోవడం, వచ్చిన మాటలు పోవడం, నెలల తరబడి తననో ఇతరులనో గాయపరచడం కనిపిస్తే "పెద్దయితే అదే వస్తుంది" అనుకోకండి. మొదట చెవులు పరీక్ష చేయించండి, మాట రాకపోవడానికి వినికిడి లోపం తరచూ కారణం. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వైద్య బృందాలు ఏడాదికి రెండుసార్లు అంగన్వాడీలకు వచ్చి పిల్లల్ని పరీక్షించాలి, పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ల దాకా ఉచితం. ఈసారి ఎప్పుడు వస్తున్నారో అంగన్వాడీ టీచరును, ఆశా కార్యకర్తను అడిగి తేదీ రాసుకోండి. ఆ రోజు బిడ్డ వెంట ఇంట్లో ఎక్కువసేపు గడిపేవాళ్లే వెళ్లాలి. మొదటి వారం రాసిన ఆ కాగితం తీసుకెళ్లి డాక్టరుకు చూపించండి. ఏ పూట ఏం చేశాడో, ఎవరితో ఎలా ఉన్నాడో అందులో ఉంటుంది కాబట్టి వారు అడిగే ప్రశ్నలకు జవాబు దొరుకుతుంది.